సైటేషన్ల పట్టికలో జగర్గుండా ఎక్కడ?

(సామాజిక శాస్త్రాల పరిశోధక విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)



సైకాలజీలో అగ్రశ్రేణి పరిశోధకులెవరో ఎలా తేలుస్తారు అన్న అంశం మీద మాట్లాడమన్నారు. ఈ అంశం ఎందుకు పెట్టారో మీ అందరికీ తెలుసు. ఏటా ఒక జాబితా వస్తుంది. వెంటనే ప్రెస్‌నోట్, జిల్లా పేజీలో ఫొటో, గేటు దగ్గర ఫ్లెక్సీ: 'స్టాన్‌ఫర్డ్ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో మన ప్రొఫెసర్'. అది స్టాన్‌ఫర్డ్ ఇచ్చే అవార్డు కాదు. అక్కడ పనిచేసే జాన్ ఇయనిడిస్, ఆయన సహచరులు 2019 నుంచి వేస్తున్న లెక్క. ముడిసరుకు ఎల్సెవియర్ అనే ప్రచురణ కంపెనీకి చెందిన స్కోపస్ డేటాబేస్. జర్నళ్లు అమ్మే కంపెనీయే ఆ జర్నళ్లలో ఎవరు గొప్పో చెప్పే తూకపు రాళ్లనూ తన దగ్గర పెట్టుకుంది. కాటా దగ్గర నిలబడి మోసపోయిన రైతుబిడ్డలకు ఇందులో వివరించాల్సింది పెద్దగా ఉండదు.

నా పీహెచ్‌డీ ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా జిల్లా జగర్గుండా గురించి, అక్కడినుంచి సరిహద్దు దాటి తెలుగు రాష్ట్రాల అడవుల్లోకి వచ్చిన కుటుంబాల మనసు గురించి. కాబట్టి ఈ పట్టికల్ని నేను జగర్గుండా వైపు నుంచి చూస్తాను. ముందు లెక్క ఎలా నడుస్తుందో చూద్దాం.

ఫిలడెల్ఫియాలో యూజీన్ గార్‌ఫీల్డ్ అనే ఆయన ఇన్‌స్టిట్యూట్ ఫర్ సైంటిఫిక్ ఇన్ఫర్మేషన్ పెట్టి 1960లలో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చాడు. 1970లలో సామాజిక శాస్త్రాలకు వేరే ఇండెక్స్ వచ్చింది. ఆయనకు నమూనా ఎక్కడ దొరికిందో తెలుసా? అమెరికా లాయర్ల దగ్గర. ఒక పాత తీర్పును తర్వాతి తీర్పులు ఎక్కడెక్కడ ప్రస్తావించాయో చూపించే 'షెపర్డ్స్ సైటేషన్స్' అనే పుస్తకాలు వాళ్ల దగ్గర ఉండేవి. ఆ పుస్తకం లాయర్‌కు చెప్పే ముఖ్యమైన సంగతి ఒకటుంది: ఆ తీర్పును అనుసరించారా, కొట్టేశారా? తీర్పు ఇంకా బతికి ఉందా లేదా? మన దగ్గరికి వచ్చేసరికి సంఖ్య మిగిలింది, అనుసరించారా కొట్టేశారా అన్న ముక్క రాలిపోయింది. మెచ్చుకున్నా ఒకటే, తిట్టినా ఒకటే. అంతేకాదు, గార్‌ఫీల్డ్ దాన్ని వ్యాసాలు వెతుక్కోవడానికి కట్టాడు. వెతుక్కునే సాధనాన్ని మనుషుల్ని తూచే సాధనంగా చేసుకున్నది తర్వాతి వాళ్లు.

2005లో జోర్గ్ హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ ప్రతిపాదించాడు. ఒక మనిషి ఐదు వ్యాసాలు రాశాడనుకోండి. వాటికి వచ్చిన సైటేషన్లు వరుసగా 40, 22, 9, 5, 3. నాలుగు వ్యాసాలకు కనీసం నాలుగేసి ఉన్నాయి, ఐదింటికీ ఐదేసి లేవు. కనుక అతని హెచ్ 4. ఒకే ఒక్క వ్యాసం రాసి, దాన్ని పదివేల మంది ప్రస్తావించినా హెచ్ 1 దాటదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, బాబాసాహెబ్ దగ్గరికి వచ్చినప్పుడు అవసరమవుతుంది. హిర్ష్ కూడా 2020లో తన సూచికే పరిశోధనకు చెరుపు చేయగలదని రాసుకున్నాడు. అప్పటికే ఆ సంఖ్య ఉద్యోగ దరఖాస్తు ఫారాల్లోకి ఎక్కి కూర్చుంది.

ఇక సైకాలజీకి వద్దాం. ఈ రంగంలో ఎక్కువమంది ఎరిగిన ర్యాంకుల పట్టిక స్టీవెన్ హాగ్‌బ్లూమ్ బృందం 2002లో 'రివ్యూ ఆఫ్ జనరల్ సైకాలజీ'లో ప్రచురించింది. ఇరవయ్యో శతాబ్దపు వందమంది మహా సైకాలజిస్టులు అని పేరు, పట్టికలో ఉన్నవి 99 పేర్లే. మొదటి స్థానం స్కిన్నర్, తర్వాత పియాజే, ఫ్రాయిడ్, బందూరా. 2014లో ఎడ్ డీనర్ బృందం మరో పట్టిక వేసింది. అందులో బందూరా మొదటికి, పియాజే రెండుకు, కానెమన్ మూడుకు వచ్చారు.

హాగ్‌బ్లూమ్ బృందం కేవలం సైటేషన్లే లెక్కపెట్టలేదు, అది వాళ్ల నిజాయితీ. జర్నళ్లలో ఎన్నిసార్లు పేరు వచ్చింది, పరిచయ పాఠ్యపుస్తకాల్లో ఎన్నిసార్లు వచ్చింది, తోటి సైకాలజిస్టుల్ని అడిగితే ఎవరి పేరు చెప్పారు అని మూడు లెక్కలు. వాటికి తోడు మరో మూడు: అమెరికా నేషనల్ అకాడమీ సభ్యత్వం, అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్ష పదవి లేదా పురస్కారం, ఇంటిపేరు మీద ఒక పదం పుట్టడం. జర్నళ్లు అమెరికావి, పాఠ్యపుస్తకాలు అమెరికావి, అడిగింది అమెరికా సంఘ సభ్యుల్ని, అకాడమీ అమెరికాది. పట్టికలో ఒక్క భారతీయ పేరూ లేకపోవడం వింత కాదు. ఆడవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలిగాను. ఇంటిపేరు విశేషణంగా మారడం అన్న కొలమానం చూసి మాత్రం నవ్వొచ్చింది. పావ్‌లోవియన్, ఫ్రాయిడియన్ అంటారు కదా, అది. మన డిపార్ట్‌మెంట్లలోనూ ఇంటిపేరు పని చేస్తుంది. కాకపోతే వైవాకు ముందే చేస్తుంది.

ఆ పట్టికలో 47వ పేరు ఆర్థర్ జెన్సెన్. 1969లో 'హార్వర్డ్ ఎడ్యుకేషనల్ రివ్యూ'లో ఆయన ఒక సుదీర్ఘ వ్యాసం రాశాడు. నల్లజాతి పిల్లల ఐక్యూ తక్కువగా రావడానికి వంశపారంపర్యం కారణం కావచ్చని, పరిహార విద్యా పథకాలు విఫలమయ్యాయని అందులో వాదించాడు. ఆ వాదనను ఖండిస్తూ ఎన్నో ఏళ్లు వ్యాసాలు వచ్చాయి. ఖండించిన ప్రతి వ్యాసమూ ఆయన ఖాతాలో ఒక ఓటు వేసింది.

కెన్నెత్ క్లార్క్ పేరు ఆ పట్టికలో లేదు. ఆయన, ఆయన భార్య మేమీ క్లార్క్ నల్లజాతి పిల్లల ముందు తెల్లబొమ్మ, నల్లబొమ్మ పెట్టి ఏది మంచిది, ఏది చెడ్డది, ఏది నీలాంటిది అని అడిగారు. మేమీ క్లార్క్ హోవర్డ్ యూనివర్సిటీలో చేసిన ఎంఏ పరిశోధన దీనికి పునాది. వేరుచేసి పెంచితే పిల్లలు తమనే తాము చిన్నచూపు చూడటం నేర్చుకుంటారని చూపించారు. 1954లో అమెరికా సుప్రీంకోర్టు బ్రౌన్ కేసులో బడుల్లో జాతి విభజన చెల్లదని తీర్పు ఇచ్చినప్పుడు, ఆ తీర్పులోని 11వ ఫుట్‌నోట్‌లో మొదటి పేరు క్లార్క్‌ది. కోర్టు ప్రస్తావించింది జర్నల్ వ్యాసాన్ని కూడా కాదు, పిల్లల గురించి వైట్‌హౌస్ పెట్టిన సదస్సుకు ఆయన 1950లో రాసిచ్చిన నివేదికను. ఒక దేశపు బడి తలుపులు తెరిచిన సైటేషన్ అది. ఏ ఇండెక్స్‌లోనూ అది ఒకటిగా కూడా లెక్కకు రాదు. ఆయన తర్వాత అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కు తొలి నల్లజాతి అధ్యక్షుడయ్యాడు కూడా. అంటే ఆరు గళ్లలో ఒక గడి నిండింది. అది సరిపోలేదు.

13వ పేరు హాన్స్ ఐసెంక్. 1997లో చనిపోయేనాటికి జర్నళ్లలో అందరికంటే ఎక్కువగా ప్రస్తావనకు వచ్చే సజీవ సైకాలజిస్టుల్లో ముందువరస. ఆయన పనిచేసిన కింగ్స్ కాలేజ్ లండన్ 2019లో విచారణ జరిపి, వ్యక్తిత్వానికీ క్యాన్సర్, గుండెజబ్బులకూ ముడిపెడుతూ ఆయన సహరచయితగా ఉన్న 26 వ్యాసాలు నమ్మదగ్గవి కావని తేల్చింది. తర్వాత కొన్ని జర్నళ్లు వ్యాసాలను వెనక్కి తీసుకున్నాయి. ర్యాంకు మాత్రం వెనక్కి పోలేదు. షెపర్డ్స్ పుస్తకంలో ఉన్నట్టు 'కొట్టేశారు' అని పక్కన రాసే పద్ధతి ఈ పట్టికలకు లేదు మరి.

మన వైపు చూద్దాం. జెఫ్రీ ఆర్నెట్ 2008లో ఒక లెక్క వేశాడు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ ఆరు ప్రధాన జర్నళ్లలో 2003 నుంచి 2007 వరకు వచ్చిన పరిశోధనల్లో పాల్గొన్నవాళ్లలో 68 శాతం అమెరికన్లు, పాశ్చాత్య పారిశ్రామిక దేశాలన్నీ కలిపితే 96 శాతం. మనిషి మనసు గురించి మనం చదివే పాఠ్యపుస్తకంలో మనిషి అంటే ఎవరో ఈ సంఖ్య చెబుతుంది. అలహాబాద్‌లో దుర్గానంద్ సిన్హా లాంటివాళ్లు భారతీయ సైకాలజీ అరువు సరుకుగా మారిందని 1980లలోనే గట్టిగా చెప్పారు. ఆ విమర్శతో నాకు ఏకీభావం ఉంది, ఒక పేచీ కూడా ఉంది. అరువు వదిలించుకోవడం అనగానే మనవాళ్లు చాలామంది ఉపనిషత్తుల దగ్గరికి, యోగ దగ్గరికి వెళ్లారు. వాడ వైపు, గూడెం వైపు వెళ్లినవాళ్లు తక్కువ. తెలుగునేల నుంచి అంతర్జాతీయంగా పేరు తెచ్చుకున్న సైకాలజిస్టు కోనేరు రామకృష్ణారావు గారు. ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ, పారాసైకాలజీ విభాగాన్ని నిలబెట్టారు, 2011లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన శ్రమను తక్కువ చేయడం లేదు. అతీంద్రియ శక్తి మీద ప్రయోగాలకు విశాఖలో ఒక విభాగం ఏర్పడగలిగింది. నలుగురిలో కులం పేరు పిలిచినప్పుడు పిల్లవాడికి లెక్క ఎందుకు తప్పుతుందో తేల్చే విభాగం మనకు ఎక్కడా ఏర్పడలేదు.

ఆ లెక్క ఎందుకు తప్పుతుందో చూపించినవాళ్లు ఆర్థికవేత్తలు. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలకు చిక్కుదారుల కాగితాలిచ్చి దారి కనుక్కోమన్నారు. కులం చెప్పనప్పుడు దళిత పిల్లలు, పైకులాల పిల్లలు దాదాపు సమానంగా చేశారు. అందరి ముందూ పేరు, తండ్రిపేరు, కులం చదివాక దళిత పిల్లలు వెనకబడ్డారు. 2004లో ప్రపంచబ్యాంకు పత్రంగా వచ్చింది. కులం, మనసు అనగానే ప్రపంచంలో చాలామందికి గుర్తొచ్చే ప్రయోగం ఇదే. ఇప్పుడు ఐఐటీ ఢిల్లీలో యశ్‌పాల్ జోగ్‌దండ్ అవమానం మీద చేస్తున్న సామాజిక మనస్తత్వ పరిశోధన నాలాంటివాళ్లకు ధైర్యం. అటువంటి పేర్లు చెప్పమంటే మాత్రం ఒక చేతి వేళ్లు చాలు.

బాబాసాహెబ్ దగ్గరికి వస్తానన్నాను. 1916 మే 9న, పాతికేళ్ల వయసులో, కొలంబియా యూనివర్సిటీలో గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో భారతదేశంలో కులాల గురించి ఆయన పత్రం చదివారు. మరుసటి ఏడు 'ఇండియన్ యాంటిక్వరీ'లో అచ్చయింది. ఒక గుంపు తలుపు మూసుకుంటే మిగతా గుంపులు ఎందుకు మూసుకుంటాయి? దానికి ఆయన ఇచ్చిన జవాబులో కీలకం అనుకరణ. గబ్రియెల్ టార్డ్ అనే ఫ్రెంచి పండితుడి అనుకరణ సూత్రాలను తీసుకుని కులానికి అన్వయించారు. పైవాడిని కిందివాడు అనుకరించడం, దగ్గరవాడిని ఎక్కువగా అనుకరించడం: ఇది అచ్చంగా సామాజిక మనస్తత్వ శాస్త్రం. పాతికేళ్ల తర్వాత అదే కొలంబియా కెన్నెత్ క్లార్క్‌కు సైకాలజీలో డాక్టరేట్ ఇచ్చింది. నేను డిగ్రీ నుంచి ఇప్పటిదాకా చదివిన ఏ సైకాలజీ సిలబస్‌లోనూ 1916 నాటి ఆ పత్రం లేదు. ఆ ఒక్క పత్రంతోనే తూచితే, ఎంతమంది ప్రస్తావించినా అంబేద్కర్ హెచ్-ఇండెక్స్ 1.

ఇరవై ఏళ్ల తర్వాత 'కులనిర్మూలన'లో కులం ఇటుకగోడ లాంటిదో, ముళ్లతీగ లాంటిదో కాదని, మనసులో పాతుకున్న భావమని ఆయన వాదించారు. జగర్గుండాలో నాకు ఈ మాట పదేపదే గుర్తొచ్చింది. అక్కడ నిజమైన ముళ్లతీగే ఉండేది. 2005లో సల్వా జుడుం మొదలయ్యాక చుట్టుపక్కల ఊళ్లవాళ్లను తెచ్చి ఊరి చుట్టూ కంచె వేసి శిబిరం చేశారు. దోర్నాపాల్ నుంచి యాభై కిలోమీటర్ల పైచిలుకు దారి ఏళ్ల తరబడి తెగిపోయింది. రేషన్ భద్రతాదళాల కాపలాలో ఎప్పుడో ఒకసారి వచ్చేది. 2006లో మూతపడ్డ బడి 2019లో తిరిగి తెరిచారు. సల్వా జుడుం పేరుతో ఆదివాసీ యువకుల చేతికి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న చెప్పింది. అప్పటికే వేలమంది ఖమ్మం, వరంగల్, గోదావరి జిల్లాల అడవుల్లోకి వచ్చేశారు. ఇక్కడ వాళ్లకు 'గుత్తికోయలు' అని పేరు పెట్టాం. కుల ధ్రువపత్రం మాత్రం ఇవ్వలేకపోయాం.

అక్కడ నేను తీసుకెళ్లింది 'ఇంపాక్ట్ ఆఫ్ ఈవెంట్ స్కేల్' సవరించిన రూపం. మూలం 1979లో మార్డీ హొరోవిట్జ్ బృందం చేసింది, 1997లో సవరించారు. 22 ప్రశ్నలు. పైన ఒక ఖాళీ ఉంటుంది, అందులో సంఘటన పేరు రాయాలి. ఆ సంఘటన గడిచిన ఏడు రోజుల్లో ఎంత బాధపెట్టిందో సున్నా నుంచి నాలుగు దాకా చెప్పాలి. భద్రాద్రి జిల్లాలో ఒక గూడెంలో యాభై దాటిన ఒకామెను, పక్కన ఒక కుర్రవాడు భాష చెబుతుంటే, "అక్కా, ఆ సంఘటన గుర్తొచ్చి ఈ వారంలో నిద్ర చెడిందా" అని అడిగాను. "ఏ సంఘటన బాబూ?" అంది. కంచె లోపలికి పోయిన రోజా, కంచె దాటి పారిపోయిన రోజా, ఇక్కడ పోడు గుడిసెలు పీకేసిన రోజా? "అయిపోయినదాన్ని కదా గుర్తు చేసుకునేది" అంది ఆ తర్వాత. ఖాళీలో ఏం రాయాలో నాకు ఇప్పటికీ తెలియలేదు. అయిపోయిన ఘటనకు కట్టిన కొలబద్ద అది. ఆమెది అయిపోలేదు.

ఇప్పుడు సైటేషన్ ఎటు ప్రవహిస్తుందో చూడండి. నా వ్యాసంలో ఆ స్కేల్ వాడినందుకు దాని కర్తలకు ఒక సైటేషన్ పోతుంది. విశ్లేషణ పద్ధతికి ఒకటి, స్కేల్‌ను వేరే దేశాల్లో పరీక్షించినవాళ్లకు మరికొన్ని. సైకాలజీలో అత్యధిక సైటేషన్లు ఉన్నవాటిలో చాలా భాగం ఇలాంటి ప్రశ్నావళులు, గణాంక పద్ధతులే. వాడినవాడల్లా కప్పం కడతాడు. తునికాకు బస్తర్‌లో కోస్తారు, బీడీ లాభం ఇంకెక్కడో తేలుతుంది. ఆ లెక్కే ఇదీ. ఆ స్కేల్‌లో లోపం ఎక్కడుందో ఒక్క ప్రశ్నతో చూపించిన ఆమె 'పార్టిసిపెంట్ 31'.

"టాపిక్ మార్చు, ఆన్‌లైన్ సర్వే చేసుకో, సోషల్ మీడియా వ్యసనం మీద రెండు నెలల్లో మూడు పేపర్లు వస్తాయి" అని నాకు సలహా ఇచ్చిన పెద్దలున్నారు. సలహాలో ద్వేషం లేదు, లెక్క ఉంది. ఇంటర్వ్యూకు పిలవాలా వద్దా అన్నది ప్రచురణల మార్కులతో తేలుతుంది. పేరున్న ఓపెన్ యాక్సెస్ జర్నల్లో అచ్చు రుసుము రెండు వేల డాలర్ల పైన ఉండటం మామూలు. 2023 నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు. అంటే ఒక్క వ్యాసానికి నాలుగైదు నెలల ఫెలోషిప్, అదీ సమయానికి పడితే. తెలుగులో రాస్తే ఆ ఖర్చు లేదు, ఆ లెక్కా లేదు. గూడెంలో చదివి తప్పు దిద్దగలిగే భాషలో రాసింది స్కోపస్‌కు కనబడదు.

అయితే సంఖ్యలన్నిటినీ పారేయమని ఈ వేదిక మీద కొందరు మిత్రులు అన్నప్పుడు నేను చప్పట్లు కొట్టలేదు. కారణం చెబుతాను. సంఖ్య లేని చోట మనకు ఏం జరుగుతుందో మనకు తెలుసు. 'నాట్ ఫౌండ్ సూటబుల్' అని ఒక్క ముక్క రాసి రిజర్వుడు పోస్టులు ఖాళీగా వదిలేస్తారు. ఆ ముక్కకు సంఖ్య లేదు, కారణం లేదు, అప్పీలు లేదు. గదిలో కూర్చున్న ఐదుగురి 'అభిప్రాయం' అది. దానికంటే పిచ్చి హెచ్-ఇండెక్స్ నయం అనిపించే రోజులున్నాయి. కనీసం దాన్ని కాగితం మీద చూపించి కొట్లాడవచ్చు. కాబట్టి నా కోరిక లెక్క రద్దు చేయమని కాదు. ఎవరు ఎన్నిసార్లు ఎవరిని ప్రస్తావించారన్న లెక్కతోపాటు మిగతా లెక్కలూ బయటపెట్టండి: ఎవరి గురించి రాశారు, ఏ భాషలో తిరిగి ఇచ్చారు, ఎన్ని పోస్టులు ఖాళీగా వదిలారు, ఎన్ని నెలలు ఫెలోషిప్ ఆపారు. పరిశోధనను జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో తూచవద్దని 2012 శాన్‌ఫ్రాన్సిస్కో డిక్లరేషన్ చెప్పింది. స్థానిక అవసరాలున్న, స్థానిక భాషలో వచ్చే పరిశోధనను కాపాడాలని 2015 లైడెన్ మేనిఫెస్టో చెప్పింది. రెండూ సెలెక్షన్ కమిటీల గదుల దాకా ఎందుకు రావో అడగాల్సినవాళ్లం మనమే. స్క్రీనింగ్ మార్కుల పట్టికను ఆర్టీఐలో అడిగి తీసుకునే పని ఈ ఏడాది మన స్టడీ సర్కిల్ మొదలుపెట్టాలని నా ప్రతిపాదన.

చివరిగా ఒక చిన్న సంగతి. ఆ గూడెంలో నాకు భాష చెప్పిన కుర్రవాడిది జగర్గుండా. ఊళ్లో బడి లేని కాలంలో దోర్నాపాల్ హాస్టల్లో ఉండి చదివాడు. ప్రశ్నల్లో సగం అతను తిరగరాసినవే. అందుకని మొదటి వ్యాసంలో సహరచయితగా అతని పేరు పెట్టాను. జర్నల్ ఫారంలో 'సంస్థ' అన్న గడి నింపకపోతే తర్వాతి పేజీ తెరుచుకోదు. ఇద్దరం కూర్చుని ఆలోచించి 'స్వతంత్ర పరిశోధకుడు, జగర్గుండా' అని రాశాం. తీసుకుంది. వ్యాసం ఇంకా సమీక్షలోనే ఉంది.

ప్రశ్నలుంటే అడగండి.